రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోయిన వాచీ

1973లో నా దుకాణం చార్మినార్ దగ్గర, గాజుల బజారు వెనక సందులో ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక పక్క గాజుల కొట్టు, ఇంకో పక్క జరీ పనివాళ్ల కార్ఖానా, రెండింటి మధ్య నాలుగడుగుల చోటు. ముందు అద్దాల పెట్టె, దాని వెనక స్టూలు, స్టూలు మీద నేను. అప్పటికి వాచీల రిపేరులో నాకు పదకొండేళ్ల అనుభవం.

మా వృత్తిలో అనుమానం రెండు వైపులా ఉంటుంది. లోపలి సామాను మార్చేస్తానేమోనని వాచీ ఇచ్చేవాళ్లకు నా మీద అనుమానం. ఎక్కడో చెడగొట్టించుకుని వచ్చి ఆ తప్పు నా మీద తోస్తారేమోనని నాకు వాళ్ల మీద అనుమానం. అందుకే ఏ వాచీ చేతికొచ్చినా, మాట్లాడటానికి ముందే కంటికి ఐ గ్లాస్ పెట్టుకుని బ్యాక్ కవర్ చుట్టూ ఒకసారి చూసేవాణ్ణి. ఎవరైనా అంతకుముందు తెరిచి ఉంటే అంచు మీద గీత పడుతుంది. ఆ గీతను రసీదులో రాసి, ఇచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి. ఈ అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది. ఒక్కసారి మాత్రం సిగ్గుపడేలా చేసింది.

అంతకు ముందు ఏడాదే బొంబాయి నుంచి పాత టైమింగ్ మెషిన్ ఒకటి తెప్పించుకున్నాను. దాని మీద వాచీ పెడితే టిక్ టిక్ శబ్దం విని, కదిలే కాగితం పట్టీ మీద చుక్కలు కొడుతుంది. చుక్కల వరుస నిటారుగా సాగితే వాచీ సరిగా నడుస్తున్నట్టు. కుడికి వాలితే ఫాస్ట్, ఎడమకు వాలితే స్లో. ఎంత వాలిందో చూసి రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తుందో చెప్పవచ్చు. పాతబస్తీలో అప్పట్లో ఆ మెషిన్ ఉన్నవాళ్లు చాలా తక్కువ. దానివల్ల నాకు కొంచెం పేరు, పేరుతో పాటు కొంచెం గర్వం వచ్చాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం తెల్ల చీర కట్టుకున్న ఒకామె వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతిరుమాలు మూట విప్పి, కీ ఇచ్చే కొత్త లేడీస్ వాచీ ఒకటి అద్దం మీద పెట్టింది. పేరు సుగుణ అని, సైదాబాద్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో కాన్పుల వార్డులో పనిచేస్తానని చెప్పింది.

"అన్నా, ఇది కొత్తది. నెల గూడ కాలే. కరెక్టుగ నడుస్తుందో లేదో చూసి చెప్పాలె."

"ఏమన్న తక్లీఫ్ ఉన్నదా సిస్టర్?"

"నేను చెప్పను. నువ్వు చూసి చెప్పు."

ఆ మాట నాకు నచ్చలేదు. జబ్బు చెప్పని రోగిలాగా, ఫిర్యాదు చెప్పని గిరాకీ అంటే నాకు భయం. ఐ గ్లాస్ పెట్టుకుని చూశాను. కొత్త వాచీ, అద్దం మీద మరక లేదు. బ్యాక్ కవర్ అంచు మీద మాత్రం తాజాగా మెరుస్తున్న గీత.

"దీన్ని ఎవరు తెరిచిండ్రు?"

"ఎవరు తెరుస్తరన్నా కొత్త వాచీని?"

అడిగినదానికి తిరిగి ప్రశ్న వేయడం కూడా నాకు నచ్చలేదు. వాచీని మెషిన్ మీద పెట్టాను. చుక్కల వరుస కుడికి ఎంతగా వాలిందంటే, పట్టీ అంచు దాటిపోయి మళ్లీ ఎడమ నుంచి మొదలైంది. రెండోసారి, మూడోసారి పెట్టినా అంతే.

"రోజుకు నాలుగు నిమిషాలు ఫాస్ట్ పోతుంది సిస్టర్."

ఆమె దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. "నాలుగు నిమిషాలా? రోజుకా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత మెల్లగా, "పోయిన గురువారం గూడ గిట్లనే ఉండెనా?" అంది.

"గురువారం ఎట్ల ఉండెనో మెషిన్ చెప్పదు. ఇయ్యాల్టి సంగతే చెప్తది."

"చెప్పే దారేం లేదా అన్నా?"

ఏదో కోర్టు వ్యవహారంలా ఉందే అనుకున్నాను. డ్యూటీకి ఆలస్యంగా పోయి వాచీ మీద నెపం పెట్టాలని చూస్తుందేమో. లేదా ఎక్కడో తెరిపించి పాడు చేసుకుని, గ్యారంటీ కోసం నా చేత ఏదైనా రాయించుకోవాలని వచ్చిందేమో. ఆమె కళ్లలో నీళ్లు కనిపిస్తున్నా, నేను రసీదు పుస్తకమే తీశాను. 'బ్యాక్ కవర్ మీద గీత ఉంది, ముందే తెరిచారు' అని రాసి సంతకం పెట్టమన్నాను. ఆమె ఆ అక్షరాల వైపు చూసి, నా వైపు చూసి, సంతకం పెట్టింది. వాచీ నా దగ్గర వదిలి, శుక్రవారం వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి ఒక పెద్దమనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నుదుట నామం, వెనక పిలక, భుజం మీద ఉతికిన కండువా. యాభై ఏళ్లకు దగ్గర మనిషి.

"నిన్న ఒక నర్సు నీ దగ్గర వాచీ ఇచ్చిపోయింది గదా?"

"మీరెవరు అయ్యగారూ?"

పేరు రాఘవాచారి, సైదాబాద్‌లో ఒక గుడిలో అర్చకత్వం, మూడు తరాలుగా అదే గుడి. నర్సింగ్ హోంలో ఆయాను అడిగి నా దుకాణం గుర్తులు తెలుసుకున్నాడట. "పెద్ద పనేం లేదు. ఆ వాచీ రోజుకు నాలుగు నిమిషాలు ఫాస్ట్ పోతుందని ఒక చీటీ రాసియ్యి, చాలు."

అద్దం తుడుస్తున్న గుడ్డను పక్కన పెట్టాను. "నాలుగు నిమిషాలని మీకెట్ల తెలుసు? నేను సిస్టర్‌కు తప్ప ఎవ్వరికి చెప్పలే."

ఆయన తడబడలేదు. "సోమవారం నాడు ఒక రోజు నా దగ్గరనే ఉండె. రేడియోల గంట కొట్టంగ పెట్టి చూసిన. తెల్లారి మళ్ల చూస్తే నాలుగు నిమిషాలు ముందుకు పోయింది."

అప్పుడు కూర్చోబెట్టి మొత్తం అడిగాను. ఆయన తమ్ముడు శ్రీనివాస్, ఆఫీసులో గుమాస్తా. శ్రీనివాస్ భార్య వరలక్ష్మికి పోయిన గురువారం పొద్దున ఆ నర్సింగ్ హోంలో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన టైము పది గంటల నలభై నిమిషాలని సిస్టర్ సుగుణ తన వాచీ చూసి రిజిస్టరులో రాసింది. ఆ రోజు పంచాంగం ప్రకారం పది ముప్పై ఆరుకు ఒక నక్షత్రం వెళ్లిపోయి ఇంకొకటి వస్తుంది. వెళ్లిపోయే నక్షత్రంలో పిల్ల పుడితే తండ్రికి గండమని నమ్మకం. దాని పేరు ఇక్కడ రాయను. ఆ నక్షత్రంలో పుట్టినవాళ్లు చదివి మనసు పాడుచేసుకోవడం ఎందుకు?

"పది నలభై అంటే గండం దాటినట్టే గదా అయ్యగారూ?"

"అది ఆమె రాసిన టైము. నేను వరండాల గోడ గడియారం కిందనే నిలబడ్డ. పిల్ల ఏడుపు వినపడంగనే తలెత్తి చూసిన. పది ముప్పై ఒకటి. వరలక్ష్మి పుట్టింటోళ్లు నర్సును మంచి చేస్కొని టైము మార్పిచ్చిండ్రు."

"గోడ గడియారం స్లో ఉండొచ్చు."

"లొల్లి మొదలైనంక దాన్ని ఎవరో సరిచేసిండ్రు. ఎందుకు సరిచేసినట్టు?"

ఆయన లెక్క సూటిగానే ఉంది. సిస్టర్ తన వాచీని ఆదివారం రేడియోతో కలుపుకున్నానని డాక్టరమ్మ ముందు చెప్పిందట. ఆదివారం నుంచి గురువారానికి నాలుగు రోజులు. రోజుకు నాలుగు చొప్పున పదహారు నిమిషాలు ఫాస్ట్. అంటే వాచీలో పది నలభై అయినప్పుడు అసలు టైము పది ఇరవై నాలుగు. గోడ గడియారంతో కలవకపోయినా, ఎట్లా చూసినా ముప్పై ఆరుకు ముందే.

"మూడు రోజులు చూడందే నేను ఏం రాసియ్యను," అన్నాను.

"మూడు రోజులైతే ఎట్ల? ఆదివారం నాడు పిల్లను తీస్కపోతరు."

"ఎవరు?"

"వరంగల్ దిక్కు మా దూరపు చుట్టాలు. పిల్లలు లేరు. మంచిగనే సాదుతరు."

"తల్లి ఒప్పుకున్నదా?"

"తల్లికి మొగడు బతకాలె గదా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఆయన వెళ్లాక చాలాసేపు ఆ వాచీని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దుటి దాకా నా అనుమానమంతా సిస్టర్ మీద. ఇప్పుడది రెండు ముక్కలైంది. సిస్టర్ నాకు అసలు విషయం దాచింది, నిజమే. కానీ తన వాచీ సరిగ్గా ఉందని రుజువు కావాల్సిన మనిషి దాన్ని తానే ఎందుకు చెడగొట్టుకుంటుంది? మరోవైపు సోమవారమంతా వాచీ రాఘవాచారి దగ్గర ఉంది. గీత ఎప్పటిది?

బ్యాక్ కవర్ తెరిచాను. వాచీలో బ్యాలెన్స్ వీల్ అని ఒక చిన్న చక్రం ఇటూ అటూ ఊగుతూ ఉంటుంది. వెంట్రుక లాంటి హెయిర్ స్ప్రింగ్ దాన్ని ఊపుతుంది. ఆ స్ప్రింగ్ మీద రెగ్యులేటర్ అనే ముల్లు ఉంటుంది. దాన్ని ప్లస్ గుర్తు వైపు జరిపితే స్ప్రింగ్ పొట్టిదై వాచీ ఫాస్ట్ అవుతుంది, మైనస్ వైపు జరిపితే స్లో. కంపెనీ నుంచి వచ్చిన కొత్త వాచీలో ఆ ముల్లు నడిమధ్యకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ వాచీలో ప్లస్ వైపు చివరి అంచుకు ఆనుకుని ఉంది. ఏ కంపెనీ అట్లా పంపదు. ఎవరో చేత్తో నెట్టారు.

గీతను మళ్లీ చూశాను. మేం బ్యాక్ కవర్‌ను దాని కోసమే చేసిన మొండి చాకుతో తెరుస్తాం. ఇది పెన్ను చాకుతో పడిన గీత. పెన్ను చాకుతో తెరిచేవాళ్లు ఆ చుట్టుపక్కల నాకు తెలిసి ఇద్దరే. వాళ్లలో ఒకాయన అప్పటికే చూపు ఆనక పని మానేశాడు. మిగిలింది మదీనా చౌరస్తా దిక్కున కూర్చునే యూసుఫ్ భాయ్.

అద్దాల పెట్టెకు తాళం వేసి నడుచుకుంటూ వెళ్లాను. యూసుఫ్ భాయ్ చాయ్ తెప్పించి, ఆదివారం రాని గిరాకీ సంగతులన్నీ చెప్పాక, వాచీ చూడగానే గుర్తుపట్టాడు.

"హా భాయ్, సోమవారం ఒక పూజారి సాబ్ తెచ్చిండు. పూజకు రోజూ లేటైతుందట. వాచీ జర ముందు నడవాలె అన్నడు. ప్లస్ దిక్కు ఆఖరు దాక జరిపిన. ఏం, గల్తీ అయిందా?"

"ముందు ముల్లు ఎక్కడుండె, యాదికి ఉన్నదా?"

"నడుమ. బాల్ బరాబర్ ప్లస్ దిక్కు," అన్నాడు వేలితో వెంట్రుకంత చూపిస్తూ. "కొత్త వాచీ, మంచిగ నడుస్తుంది సాబ్, వద్దని గూడ చెప్పిన. వినలే."

తిరిగి వస్తుంటే నాకు కోపం రావాలి. కానీ ఇంకో అనుమానం వచ్చింది. యూసుఫ్ భాయ్ చెప్పిన చోటు సరైనదేనా? ముల్లు బాల్ బరాబర్ అటూ ఇటూ అయితే రోజుకు ముప్పై నలభై సెకన్లు మారిపోతుంది. రాఘవాచారి వాచీని చెడగొట్టాడంటే, ముందు అది బాగుండేదని రుజువైనట్టు కాదు. ఆ సంగతి చెప్పాల్సింది సిస్టరే.

ఆయన చెప్పినట్టే ముల్లును నడుమకు తెచ్చి, వెంట్రుకంత ప్లస్ వైపు పెట్టాను. కీ నిండా ఇచ్చి, సాయంత్రం రేడియో వార్తల ముందు వచ్చే గంటతో కలిపి ఉంచాను. శుక్రవారం సాయంత్రం మళ్లీ అదే గంటతో చూస్తే తొమ్మిది సెకన్లు ఫాస్ట్. మెషిన్ మీద పెడితే చుక్కలు దాదాపు నిటారుగా ఉన్నాయి. పూర్తి రోజుకు పది సెకన్ల లోపు తేడా అంటే ఆ రకం వాచీకి చాలా మంచి నడక.

ఆ సాయంత్రమే సిస్టర్ వచ్చింది. ఈసారి నేనే మొదలుపెట్టాను. "సోమవారం వాచీ రాఘవాచారి గారికి ఇచ్చిన సంగతి ఎందుకు చెప్పలే?"

"డాక్టరమ్మ ఇయ్యమన్నది. లొల్లి తగ్గుతదని. ఆయన పూజ చేసే మనిషి, వాచీ తెరిపిస్తడని నేనెట్ల అనుకుంట? నువ్వు గీత చూసి నన్ను అడిగినప్పుడు నువ్వే ఏదో మెలిక పెడుతున్నవనుకున్న."

అంటే ఆమె కూడా నన్ను అనుమానించింది. రాఘవాచారి చెప్పిన నాలుగు నిమిషాలే నేనూ మెషిన్ చూపించి చెప్పినప్పుడు, ఆయన అప్పటికే నన్ను కలిశాడేమో అనుకుందట.

"ఆదివారం కలిపిన అంటున్నవు. నీ మాట తప్ప ఇంకేమన్న ఉన్నదా?"

ఆమె సంచిలోంచి చుట్టిన కేలండర్ తీసింది. వాళ్లాయన ప్రసాద్ ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టర్. పేరు రాయించుకుని ఎన్నో నెలలు ఎదురు చూశాక దొరికిన వాచీ కదా, దాని నడక ఎట్లుందోనని రోజూ పొద్దున రేడియో గంటతో పోల్చి, ఎన్ని సెకన్ల తేడా ఉందో ఆ తేదీ గడిలో రాసేవాడట. ప్రతి ఆదివారం మళ్లీ సరిచేసేవాడు. కాన్పు జరిగిన వారం గళ్లు చూశాను. ఆదివారం సున్నా. సోమవారం ఎనిమిది. మంగళవారం పదిహేడు. బుధవారం ఇరవై ఏడు. గురువారం ముప్పై ఐదు.

నేను ఆ కేలండర్‌ను కూడా నమ్మలేదు. ఐ గ్లాస్ పెట్టుకుని సిరా చూశాను. అన్నీ ఒకేసారి కూర్చుని రాసి ఉంటే ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి ఉండేవి. ఒక గడిలో నీలం, ఒక గడిలో పెన్సిలు, ఒకచోట ఎర్ర సిరా. ఆ బుధవారం అంకె మీద కూర మరక ఎండిపోయి ఉంది. పైగా ఆ అంకెలు చెప్పే నడక, నా దగ్గర ఒక రోజు తేలిన నడక ఒకటే. ప్రసాద్ ఎవరో నాకు తెలియదు, యూసుఫ్ భాయ్‌కీ తెలియదు. ఇద్దరూ వేరు వేరుగా చెప్పింది కలిసింది. గురువారం పొద్దున ఆ వాచీ అరనిమిషం పైచిలుకు ఫాస్ట్, అంతే. వాచీలో పది నలభై అయితే అసలు టైము పది ముప్పై తొమ్మిది దాటినట్టే. గండం దాటి మూడు నిమిషాలు. రాఘవాచారి చూసిన గోడ గడియారమే వెనకబడి ఉండాలి.

శనివారం దుకాణం మూసి సైదాబాద్ వెళ్లాను. నర్సింగ్ హోం అంటే మేడ మీద నాలుగు గదులు, ముందు వరండా. వరలక్ష్మి కుట్లు ఇంకా మానలేదని అక్కడే ఉంచారు. గది తలుపు ఓరగా తీసి ఉంది. మంచం మీద గోడకు ఆనుకుని, పిల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని నాలుగు రోజులుగా పిల్లను పక్కన పడుకోబెట్టడం కూడా మానేసిందని సిస్టర్ చెప్పింది. శ్రీనివాస్ వరండా చివర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల ముఖం అతను ఇంకా చూడలేదు. అన్న చూడనివ్వలేదు.

రాఘవాచారి బెంచీ మీద కూర్చున్నాడు. నేను వాచీ, మెషిన్ పట్టీలు, కేలండర్ ముందు పెట్టి అంతా చెప్పాను. యూసుఫ్ భాయ్ పేరు చెప్పగానే శ్రీనివాస్ ఇటు తిరిగాడు.

"అన్నా, నువ్వు వాచీ తెరిపించినవా?"

రాఘవాచారి తల దించుకోలేదు. "తెరిపించిన. అది ఫాస్ట్ ఉన్నదని నాకు తెలుసు. కానీ ఒక్క రోజుల కనపడాలె గదా. అందరికి కనపడేటట్టు చేసిన, అంతే." తమ్ముడి వైపు చూశాడు. "నీకు యాదికి ఉండదు, నీకు మూడేండ్లు. చెల్లె ఇదే నక్షత్రంల పుట్టింది. నాయన శాంతి చేపిచ్చిండు, చెల్లె ముఖం నేరుగ చూడకుంట నూనెల చూసిండు, అన్ని చేసిండు. ఆరు నెలలకు పోయిండు. అప్పటికి నాకు పన్నెండేండ్లు. నిన్ను చంకలేస్కొని నేను గుడి తలుపు తీసిన. మళ్ల గట్ల నాతోని కాదురా."

ఆయన మీద నాకున్న కోపం కొంచెం సడలింది. ఆయన అబద్ధం ఆడాలని ఆడలేదు. నమ్మినదానికి రుజువు దొరక్కపోతే రుజువును తయారు చేశాడు. నా దుకాణంలో అట్లాంటివాళ్లను చాలామందిని చూశాను.

ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు. "వాచీ సరే. నువ్వు చెప్పింది ఒప్పుకుంట. కానీ పిల్ల పుట్టంగనే ఆమె వాచీ చూసిందని ఎవరు చెప్తరు? నాలుగు నిమిషాలాగి చూసి రాస్తే?"

సిస్టర్ సుగుణ అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి ఉంది. ముందుకొచ్చింది.

"చూడలే అయ్యగారూ. పుట్టంగనే చూడలే."

రెండు రోజులు సెకన్లు లెక్కపెట్టిన నా పట్టీల వైపు చూసుకున్నాను.

"పిల్ల నీలంగ పుట్టింది. మెడకు బొడ్డు పేగు చుట్టుకోని ఉండె. ఊపిరి లేదు, ఏడుపు లేదు. డాక్టరమ్మ తల్లికి రక్తం ఆపుతుంది. నేను పేగు తీసి, తలకిందులు పట్టుకొని, నోట్లెకెళ్లి ఉమ్మనీరు గుంజి, వీపు మీద కొడుతున్న. నోట్ల నోరు పెట్టి గాలి ఊదిన. ఎంతసేపో నాకు తెల్వదు. అప్పుడు గడియారం దిక్కు ఎవరు చూస్తరు? పిల్ల ఏడ్చింది. అప్పుడు చూసిన. పది నలభై. అదే రాసిన. మీరు బయట విన్నది గూడ ఆ ఏడుపే."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?" అన్నాడు రాఘవాచారి.

"వరలక్ష్మమ్మ అప్పుడు సోయిల లేదు, కండ్లు గూడ తెరవలే. పచ్చి బాలింత, పిల్ల చావు నోట్లకెళ్లి వచ్చిందని వింటే భయపడి పాలు ఇంకుతయని డాక్టరమ్మ చెప్పొద్దన్నది. మీరేమో టైము, టైము అంటిరి. పిల్ల ఎట్లున్నదని ఒక్కనాడు అడగలే."

గదిలోంచి ఏడుపు వినిపించింది. పిల్లది కాదు, తల్లిది. తలుపు ఓరగానే ఉంది కదా, అంతా విన్నది.

రాఘవాచారి లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. "మరి పుట్టింది ఎప్పుడు సిస్టర్? ముప్పై ఆరుకు ముందా, తర్వాతనా?"

"తెల్వదయ్యగారూ. నిజంగ తెల్వదు."

ఆయన నా వైపు చూశాడు, నా దగ్గరేదో లెక్క ఉంటుందన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడే లోపల్నుంచి వరలక్ష్మి గొంతు వచ్చింది. "ఏమండీ, లోపటికి రాండి."

శ్రీనివాస్ కదల్లేదు. అన్న వైపు చూశాడు. రాఘవాచారి వద్దనలేదు, సరేననలేదు. కండువాతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. శ్రీనివాస్ ఆయన్ను దాటుకుని, తలుపు తోసుకుని లోపలికి పోయాడు. కాసేపటికి లోపల అతను పిల్లతో ఏదో మాట్లాడుతున్న శబ్దం వినిపించింది. మాటలు తెలియలేదు.

ఆదివారం వరంగల్ నుంచి వచ్చిన చుట్టాలు భోజనం చేసి వెళ్లిపోయారు. పిల్లను ఎవరూ తీసుకుపోలేదు. ఆ తర్వాత రాఘవాచారి శాంతి చేయించాడు. ఏ నక్షత్రానికని సిస్టర్ అడిగితే, "రెండిటికీ" అన్నాడట. ఆయన భయం అక్కడితో పోలేదు. తమ్ముడు రెండుసార్లు తుమ్మితే చాలు, వైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవాడని విన్నాను. పిల్లను చంకలో వేసుకుని గుడికి తీసుకుపోయేదీ ఆయనేనట. నాకు తెలిసినంతవరకు శ్రీనివాస్ ఆరోగ్యంగానే ఉద్యోగం చేసుకుంటున్నాడు.

వాచీ తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు పుస్తకం తీసి, నేను రాసిన గీత సంగతి కొట్టేశాను. "నీ మీద అనుమానపడ్డ సిస్టర్. మనసుల పెట్టుకోకు," అన్నాను.

"నీ మీద నేను గూడ పడ్డ గద అన్నా," అంది నవ్వుతూ. నవ్వింది గానీ, ఆ రోజు నా ముందు సంతకం పెట్టినప్పటి చూపు నేను మర్చిపోలేదు.

ఈ సంగతి తర్వాత నా పనిలో రెండు మార్పులొచ్చాయి. ఎవరైనా "ఈ వాచీ కరెక్టేనా?" అని అడిగితే, అవుననీ కాదనీ చెప్పడం మానేశాను. రోజుకు ఇన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుంది, ఇయ్యాల్టి నడక ఇది, అని మాత్రం చెబుతాను. ఆ వాచీ చూసి మనిషి ఏ టైము రాసుకున్నాడో, ఏ క్షణంలో చూశాడో అది నా మెషిన్‌కు అందే విషయం కాదు.

రెండోది చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది. అనుమానపడటం నేను మానలేదు, మానితే ఈ పని చేయలేను. అయితే అనుమానం రాగానే రసీదు పుస్తకం తీయడం మానేసి, ఎదుటి మనిషిని కూర్చోబెట్టి ఏం జరిగిందని అడగడం నేర్చుకున్నాను. ఆ బుధవారం సిస్టర్ మెట్టు మీద కూలబడినప్పుడు ఆ ఒక్క మాట అడిగి ఉంటే, సోమవారం సంగతి అప్పుడే బయటపడేది. సైదాబాద్‌లో ఆ తల్లి ఇంకో మూడు రోజులు పిల్లను చేతుల్లోంచి దించకుండా కూర్చోవాల్సిన అవసరం ఉండేది కాదు.